తొంభై మూడు శాతం తాడు

ఏడో తరగతికి శాతాలు మొదలుపెట్టే రోజున నల్లబల్ల మీద ఒక నుయ్యి గీస్తాను. నీళ్లు 30 అడుగుల లోతున ఉన్నాయి. మన దగ్గరున్న తాడు 28 అడుగులు. తాడు ఎంత శాతం ఉంది? పిల్లలు గబగబా లెక్కకట్టి 93.33 అంటారు. సరే, చేదలోకి నీళ్లు ఎన్ని వచ్చాయి? కాసేపు ఎవరూ మాట్లాడరు. చివరికి వెనక బల్ల నుంచి ఎవరో ఒకరు, "సున్నా అండి" అంటారు.

ఈ లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. మా ఊరి రైలు నాకు నేర్పింది.

మాది టెక్కలి దగ్గర పల్లె. ఉద్యోగం వల్ల శ్రీకాకుళంలో ఉంటున్నాను. రైలు మార్గాల పనులు ఎంతవరకు వచ్చాయో చూసుకుంటూ తిరగడం నాకున్న ఒకే ఒక వ్యసనం. బస్సులో పోతూ ఎక్కడైనా కొత్త కట్ట కనిపిస్తే తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచిన సందర్భాలు ఉన్నాయి. ఇంట్లో నన్ను జీతం లేని సూపర్‌వైజరు అంటారు. ఇన్నేళ్లు చూశాక ఒక్క విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఏర్పడింది: పని ఎంత శాతం అయిందన్న ప్రశ్న రైలు ఎక్కేవాడు అడగవలసింది కాదు. అది అడిగినంతకాలం మనకు శాతాలే వస్తాయి, రైలు రాదు.

ఇప్పుడు నగరాల్లో లైట్ రైలు, లైట్ మెట్రో అని కొత్తగా చెబుతుంటే మా వైపు పెద్దవాళ్లకు నవ్వు వస్తుంది. మా బండి పేరే పర్లాకిమిడి లైట్ రైల్వే. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. కలకత్తా, మద్రాసు పెద్ద లైను మీదున్న నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, దాదాపు 40 కిలోమీటర్లు, గౌరచంద్ర గజపతి రాజావారు వేయించారు. ఖర్చు సుమారు 7 లక్షల రూపాయలు. ఒకట్రెండేళ్లలోనే పని ముగించి 1900లో బండి నడిపారు. ఈ వాక్యం రాస్తుంటేనే నాకు అసూయగా ఉంది. కిలోమీటరుకు పదిహేడున్నర వేలు! అయితే పాతకాలమే బంగారమని నేను అనను. జమీందారు తన నేల మీద తానే వేసుకున్న లైను అది. ఎవరి మడి పోయిందో, ఎవరికి ఏమి ఇచ్చారో రాజావారిని అడగగలిగేవాళ్లు అప్పుడు లేరు. ఆ వేగంలో కొంత ఆ అడగలేకపోవడంలోంచి వచ్చిందే.

నేను ఆ లైను నుంచి తీసుకునే పాఠం వేగం కాదు, వరస. మొదట పర్లాకిమిడి దాకా వేసి బండి నడిపారు. తొలి ఏళ్లలో నష్టాలే. 1910 తరువాత కాస్త లాభం కనిపించింది. 1924-25 తరువాత రాబడి బాగా పెరిగింది. అప్పుడు గుణుపూర్ వైపు పొడిగించారు, అదీ ఒక్కసారిగా కాదు. 1929లో ఒక ముక్క, 1931లో మరో ముక్క. వెరసి 90 కిలోమీటర్లు. ప్రతి ముక్కా పూర్తయిన నాటి నుంచే జనాన్ని మోసింది. తాడు పొట్టిగా ఉంటే అంత లోతున్న నూతినే ఎంచుకున్నారన్నమాట.

ఇక 2004కు వద్దాం. గేజి మార్పిడి కోసం ఆ జూన్ నెలలో చిన్న బండి ఆగిపోయింది. రెండున్నర అడుగుల పట్టాలు తీసేసి అయిదున్నర అడుగుల బ్రాడ్ గేజి వేయాలి. వంతెనలు మారాలి, వంపులు సరిచేయాలి, కట్ట వెడల్పు చేయాలి. పాత పట్టాల చోటే కొత్తవి వేస్తారు కనుక బండి ఆపక తప్పదన్నారు. నిజమే కావచ్చు. కానీ గుణుపూర్ దాకా పెద్ద బండి వచ్చేసరికి 2011 ఆగస్టు అయింది. ఆ మధ్యకాలాన్ని నేను మాస్టారి లెక్కలో చెబుతాను. చిన్న బండి ఆగిన నెలలో గుణుపూర్‌లో నాలుగో తరగతిలో చేరిన పిల్లవాడు పదో తరగతి పరీక్ష రాసి, ఫలితం చూసుకుని, ఇంటర్మీడియట్‌లో చేరిన తరువాతే మళ్లీ రైలును చూశాడు. ఏడేళ్లు రైలు పక్క ఊళ్లో పెరిగి ఒక్కసారి కూడా అందులో బడికి వెళ్లని పిల్లలు నా తరగతిలో ఉన్నారు.

ఆ ఏడేళ్లూ వార్తలకు కొదవ లేదు. పనులు చురుగ్గా సాగుతున్నాయి, ఇంత శాతం పూర్తయ్యాయి, త్వరలో ట్రయల్ రన్. శాతం ఎప్పుడూ తగ్గలేదు. శాతానికి తగ్గే గుణం లేదు, అదే దానిలోని సుఖం. వర్షాకాలం వస్తే పని ఆగేది. కొత్తగా పోసిన కట్ట వాలు మీద తుమ్మ మొక్కలు మొలిచి నడుము ఎత్తుకు పెరిగేవి. అయినా నిన్నటి శాతం నిన్నటిదే.

పని జరిగినప్పుడు మాత్రం చూడడానికి ఎంత బాగుండేదో చెప్పకపోతే అన్యాయం. మట్టిని ఒకేసారి గుట్టగా పోయరు. పలచగా పరిచి, ట్యాంకరుతో నీళ్లు చల్లి, రోలరు తిప్పి, మళ్లీ పొర. ఒకరోజు కట్ట మీద ఒక కుర్రవాడు ఉలి పట్టుకుని చిన్న గుండ్రటి గొయ్యి తవ్వుతున్నాడు. తీసిన మట్టిని రేణువు వదలకుండా పళ్లెంలోకి ఎత్తి తూకం వేశాడు. తరువాత ఒక రేకు గొట్టంలోంచి ఎండు ఇసుకను ఆ గోతిలోకి జారవిడిచాడు. గొయ్యి నిండడానికి ఎంత ఇసుక పట్టిందో చూస్తే గొయ్యి పరిమాణం తెలుస్తుంది. మట్టి బరువును దానితో భాగిస్తే కట్ట ఎంత గట్టిపడిందో తేలుతుంది. ఇంత చక్కని గణిత ప్రయోగం నేను బడిలో ఎన్నడూ చేయించలేకపోయాను. మర్నాడు నలుగురు పిల్లలను తీసుకువెళ్తే ఆ కుర్రవాడు లేడు. కట్ట ఇంకో అర కిలోమీటరు ముందుకు జరిగింది. మేము స్లీపర్లు లెక్కపెట్టి వచ్చాం. కిలోమీటరుకు 1660 ఉండాలి. వంద మీటర్లు కొలిచి లెక్కిస్తే 166 వచ్చాయి. పిల్లలకు అంత సంతోషం, ఏదో నిధి దొరికినట్టు.

మా బావ పనుల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. నా గోల విని ఆయన కోప్పడతాడు. "శాతం లేకపోతే బిల్లు ఎలా ఇస్తావయ్యా మాస్టారూ? కంట్రాక్టరు మట్టి పోశాడు, నేను కొలిచాను, ఎం-బుక్‌లో, అదే కొలతల పుస్తకంలో, రాశాను, పని నడుస్తుండగానే రన్నింగ్ బిల్లు పాసు చేశాను. పది లక్షల ఘనపు మీటర్లలో ఎనిమిది లక్షలు అయింది అంటే ఎనభై శాతం అయినట్టే. అందులో అబద్ధం ఏముంది?"

అబద్ధం ఏమీ లేదు. పోసిన మట్టికి డబ్బు ఇవ్వాలి, ఇవ్వడానికి కొలత కావాలి. శాతం పుట్టింది అందుకే. బిల్లు కోసం పుట్టిన అంకెను ప్రయాణికుడికి వార్తగా వడ్డించడమే నాకు అభ్యంతరం. మట్టి 80, వంతెనలు 80, భూమి 80 అయితే సగటు 80 అని ప్రకటన వస్తుంది. భూమిలో మిగిలిన ఆ 20 శాతం లైను చివర ఒకే చోట ఉంటే ముందున్న ముక్కంతా వాడుకోవచ్చు. అదే 20 శాతం ఊరికో ఎకరం చొప్పున అంతటా చెదిరి ఉంటే ఒక్క అడుగు కూడా పనికిరాదు. సగటు రెండింటిలోనూ ఒకటే. ఈ మాట చెబితే బావ కాసేపు ఊరుకుని, "అది నిజమే కానీ ఎం-బుక్‌లో దానికి గడి లేదు" అన్నాడు. నేను చెప్పేది కూడా అదే.

మరి ఏమి చూడాలి? ముందు భూమి. రైల్వే చట్టానికి 2008లో చేర్చిన సెక్షన్ల ప్రకారం భూమి తీసుకోదలిచామని 20ఏ కింద నోటిఫికేషన్ ఇచ్చాక, తీసుకుంటున్నామని ఏడాదిలోగా 20ఈ కింద ప్రకటన రాకపోతే మొదటిది చెల్లదు, మళ్లీ మొదటికి రావాలి. కనుక మట్టి లారీల కంటే ఆ రెండు తేదీలే నాకు ఎక్కువ చెబుతాయి. తరువాత పింక్ బుక్. రైల్వే బడ్జెట్ 2017లో సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయినా ఏ లైనుకు ఎంత ఇచ్చారో చెప్పే ఆ పుస్తకం ఏటా వస్తూనే ఉంది. అందులో కొన్ని పనులకు ఎదురుగా వెయ్యి రూపాయలు అని ఉంటుంది. పొరపాటు కాదు, అక్షరాలా వెయ్యి. పని జాబితాలో బతికి ఉందని చెప్పడానికి ఇచ్చే ముడుపు. ఆ డబ్బుతో ఒక్క కాంక్రీటు స్లీపరు కూడా రాదు. వెయ్యి కనిపించిన ఏడాది మట్టి గురించి నేను ఎవరినీ అడగను. చివరగా సేఫ్టీ కమిషనరు తనిఖీ. ఆయన పనిచేసేది రైల్వే శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద. లైను వేసినవాళ్లే లైను బాగుందని చెప్పుకోకుండా చేసిన ఏర్పాటు. ఆయన సంతకం పడేదాకా ప్రయాణికుడి లెక్కలో ఎంత పనైనా సున్నాయే.

సంతకం పడ్డాక కూడా లెక్క ముగియదని మా పెద్దమ్మ నాకు చూపించింది. ఆమెది టెంబూరు పక్క ఊరు. చిన్న బండి రోజుల్లో కూరగాయల గంప ఎత్తుకుని పర్లాకిమిడి సంతకు వెళ్లేది. చిన్న బండి పెట్టె నేలకు దగ్గరగా ఉండేది. నెత్తి మీది గంపను వంగకుండానే తలుపు గట్టు మీదికి జార్చి, తరువాత తాను ఎక్కేది. పెద్ద బండి వచ్చిన కొత్తలో ఆమెను నేనే స్టేషనుకు తీసుకువెళ్లాను. ప్లాట్‌ఫారం పట్టాలతో దాదాపు సమానం. పెట్టె తలుపు ఆమె భుజాల ఎత్తున ఉంది. నిట్టనిలువు మెట్లు మూడు. గంప నెత్తిన పెట్టుకుని మెట్టు అందుకోలేదు, గంప కింద పెడితే పైకి విసరలేదు. బండి ఆగేది నిమిషం. నేను గంపను పైకి తోసి ఆమెను ఎక్కించేసరికి కూత వేశారు. ఆమె లోపలి నుంచి, "ఇది మన బండి కాదు బాబూ, దూరం పోయేవాళ్ల బండి" అంది. తరువాత ఆమె ఆటోలకే అలవాటు పడింది. కొత్త లైను మీద వేగం పెరిగింది, మోసే బరువు పెరిగింది, ఇప్పుడు పైన కరెంటు తీగలు కూడా వచ్చాయి. విశాఖకు నేరుగా వెళ్తున్నాం. ఇవన్నీ లాభాలే, కాదనను. ఒక్క గంప మాత్రం కింద ఉండిపోయింది. ఏ ప్రకటనలోనూ దానికి శాతం లేదు.

ఇప్పుడు ఈ లైను మళ్లీ పొడిగించబోతున్నారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఎనిమిది కొత్త లైన్లలో గుణుపూర్ నుంచి థేరుబలికి 73.62 కిలోమీటర్లది ఒకటి. అంచనా 1326 కోట్లు. కిలోమీటరుకు 18 కోట్లు పడుతుంది. రాజావారి పదిహేడున్నర వేల పక్కన ఈ అంకె రాసి పిల్లలకు ఎన్ని రెట్లో కట్టమన్నాను, సున్నాలు చూసి బెదిరిపోయారు. ఎనిమిది లైన్లనూ 2030-31 నాటికి ముగించాలన్నది లక్ష్యం. థేరుబలి విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే లైను మీద ఉంది. అంటే 1931 నుంచి గుణుపూర్‌లో ఆగిపోయే మన బండికి అవతలి తలుపు తెరుచుకుంటుంది. నౌపడ పక్కనే మూలపేట రేవు కడుతున్నారు. రేవు నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు సరుకు పోవడానికి ఇది అడ్డదారి అవుతుందని ఎవరికైనా పటం చూస్తే తడుతుంది.

ఆమోదం వచ్చిన నెల తరువాత, సెప్టెంబరులో, ఒక ఆదివారం గుణుపూర్ వెళ్లాను. స్టేషను దాటాక పట్టాలు కొంత దూరం పోయి ఒక మట్టి దిబ్బకు తగిలి ఆగిపోతాయి. దిబ్బ మీద గడ్డి, గడ్డిలో రెండు మేకలు. అవతల పొలాలు, వాటి వెనక కొండలు. ఆ కొండల్లోంచే లైను పోవాలి. టీ కొట్టాయన తెలుగువాడే. "ఏమి చూస్తున్నారు మాస్టారూ, అక్కడేమీ లేదు" అన్నాడు. నేను మాస్టారినని ఆయనకు ఎలా తెలిసిందో! జేబులోని సుద్దముక్క పొడి కావచ్చు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కొత్తగా వేసే ప్రతి కిలోమీటరూ ఒడిశాలోనే. మన పత్రికల జిల్లా పేజీలు పాతపట్నంతో ఆగిపోతాయి. పాతపట్నం దాటగానే పర్లాకిమిడి. మధ్య పెరిగిన దూరం ఏమీ లేదు, ఒడిశా వేరు రాష్ట్రమై పర్లాకిమిడి అటు పోయిన 1936లో గీసిన గీత తప్ప. 1880లో ఆ ఊరి బడిలో ఉద్యోగానికి చేరిన గిడుగు రామమూర్తిగారు ఆ గీత పడ్డాక అక్కడ ఉండలేక రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. గీత అవతల ఏ రైతుకు పరిహారం అందలేదో, ఏ వాగు మీద స్తంభం లేవలేదో ఇవతలి పత్రికలో రాదు. కానీ దాని వల్ల ఆగిపోయేది టెక్కలిలో ఎక్కేవాడి బండి. అందుకే ఆరునెలలకు ఒకసారి నేనే వెళ్తున్నాను.

విశాఖ మెట్రో మీద కూడా నాకు ఇదే కొలబద్ద. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో దాని సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. ఒక దశలో లైట్ మెట్రో అన్నారు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన ప్రణాళికలో తొలి దశ 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. రెండో దశ కొమ్మాది నుంచి భోగాపురం విమానాశ్రయానికి 30.67 కిలోమీటర్లు. భోగాపురం విజయనగరం జిల్లాలోది కనుక ఆ పొడిగింపు మాకు పరాయిది కాదు. స్తంభాలు లేచే రోజు వస్తే రోజూ శాతాలు వినిపిస్తాయి. అప్పుడు నేను ఒక్కటే అడుగుతాను: ముందు ఏ ముక్క తెరుస్తారు, దాని రెండు చివర్లలో ఏమున్నాయి? ఆసుపత్రి, బస్టాండు, మార్కెట్ ఉన్న ఎనిమిది కిలోమీటర్లు తెరిస్తే అది రైలు. ఖాళీ స్థలం సులువుగా దొరికిందని ఊరి బయట పదిహేను కిలోమీటర్లు ముందు వేస్తే అది పోసిన మట్టికి బిల్లు. మా జిల్లా కేంద్రం చూడండి. శ్రీకాకుళం రోడ్డు అనే స్టేషను ఉంది, ఉన్నది ఆమదాలవలసలో. స్టేషను పేరు చివర రోడ్డు అని ఉంటే మిగిలిన దూరం మీరే చూసుకోండి అని రైల్వే భాషలో అర్థం. నూరేళ్లు దాటినా ఆ మిగిలిన రెండు అడుగుల తాడు మేము ఆటోవాడికే కడుతున్నాం.

ఆ ఆదివారం తిరుగు బండిలో తలుపు దగ్గర నిలబడ్డాను. టెంబూరులో బండి ఆగింది. కింద ఒకామె, ముప్పై ఏళ్లు ఉంటాయేమో, నెత్తిన వంకాయల గంప. తలుపు వంక చూసింది, మెట్ల వంక చూసింది, నా వంక చూసింది. నేను వంగి రెండు చేతులూ చాచాను. ఆమె మునివేళ్ల మీద లేచి గంప అంచు నా వేళ్లకు అందించింది. పైకి లాగాను. అనుకున్నదానికంటే చాలా బరువుంది. నాలుగు వంకాయలు పట్టాల మీద పడ్డాయి. ఆమె వాటి కోసం వంగబోయి, కూత విని, వదిలేసి ఎక్కింది.